సేవకు చదువు నేర్పిన దుర్గాబాయమ్మ



మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం గురించి వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యే వరకు నేను వ్రాసినవి నోట్ ఫైళ్ళే. విషయం, పూర్వాపరాలు, ప్రతిపాదన అనే వరుస తప్ప మరొక విధంగా వ్రాయడం నాకు చేతకాదు. కనుక ఆ వరుసలోనే మనవి చేసుకుంటాను.

విషయం మా ఇంటిది. ఇప్పుడు మేముంటున్నది బాటసింగారంలో. మా చిన్నవాడు 1980లో పుట్టాడు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. నలభై అయిదు దాటినా మనసు అయిదారేళ్ళ పిల్లవాడిది. 2022లో మా పెద్దవాడి కూతురు ఇంటర్మీడియట్ పాసయింది. ఇంజనీరింగు వద్దు, డిగ్రీ వద్దు, బాబాయి వంటి పిల్లలకు చదువు చెప్పే డిప్లొమా చేస్తానన్నది. ఇంట్లో అందరూ కాదన్నారు. అందరికంటె గట్టిగా కాదన్నది నేనే. ఆయా పని చేయడానికి ఇంత చదివించాలా అని నోరు జారాను.

ఆ మాట అన్న రాత్రి నిద్ర పట్టలేదు. నా ఉద్యోగం మొదటి రోజుల నాటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. మా సెక్షనులో నా పక్క సీటు గుమాస్తా గారికి ఒక అక్కయ్య ఉండేది. చిన్ననాడే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆంధ్ర మహిళా సభ వారి వద్ద రెండేళ్ళలో మెట్రిక్ పాసై, ఆపైన నర్సు శిక్షణ పొంది, ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది. ఆమె చేరినప్పుడు వారి బంధువులందరూ పరువు పోయిందన్నారు. తరువాత తమ్ముడి పిల్లల ఫీజులు కట్టింది ఆ నర్సు జీతమే. ఆ అక్కయ్య వంటి వేలమందికి దారి వేసిన వారు కీర్తిశేషులు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. అందుకే ఈ సంచికకు ఆమె జీవితాన్ని ఎంచుకున్నాను.

ఇక పూర్వాపరాలు. దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. బాల్యం కాకినాడలో గడిచింది. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ వచ్చిన తరువాత ఆ బంధం తనకు తగినది కాదని ఆమె స్పష్టంగా చెప్పగా, కుటుంబం వారు ఆమె పక్షానే నిలిచారు. వంద సంవత్సరాల క్రితం ఒక తెలుగింటిలో అది సామాన్యమైన సంగతి కాదు.

బడిలో ఇంగ్లీషు పెత్తనం నచ్చక చదువు మానివేసి, తాను హిందీ నేర్చుకొని, చుట్టుపక్కల ఆడవారికి ఆ భాష నేర్పసాగారు. అప్పటికి ఆమె పన్నెండేళ్ళ పిల్ల. తనకు తెలిసినది పక్కవారికి నేర్పడం ఆమెకు అప్పటి నుంచే అలవాటు.

1921లో గాంధీగారు కాకినాడకు వచ్చారు. దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయనను చూడాలని ఈ చిన్నపిల్ల పట్టుపట్టింది. అయిదు వేల రూపాయల నిధి సమర్పిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామని నిర్వాహకులు చెప్పారు. ఆ స్త్రీలే చందాలు వేసుకొని సొమ్ము కూడబెట్టారు. గాంధీగారు వారి సభకు వెళ్ళి, అనుకున్న దానికంటె ఎక్కువసేపు ఉన్నారు. ఆయన హిందూస్తానీ ప్రసంగాన్ని తెలుగు చేసి వినిపించింది ఆ బాలికే. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపిన సంగతి మనలో చాలామందికి తెలిసినదే. అప్పగించిన పనిని నిబంధన ప్రకారం చేయడంలో ఎంతటివారినీ చూడని స్వభావం. మన ఆఫీసులలో అటువంటి వారు ఇద్దరుంటే ఎన్నో ఫైళ్ళు కదిలేవి.

ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచి 1933 వరకు ఆమె మూడుసార్లు జైలుకు వెళ్ళారు. ఒకసారి ఏడాదిపాటు ఒంటరి ఖైదు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. ఆ జైళ్ళలోనే ఆమె ఒక నిజం చూశారు. తోటి స్త్రీ ఖైదీలలో అనేకులకు తాము చేయని నేరాలు అంటగట్టారు. కాగితం మీద ఏమి వ్రాసి ఉందో తెలియక వేలిముద్ర వేసినవారే ఎక్కువ. వారిని చూసి ఆమె కంటతడి పెట్టే ఉంటారు. అయితే అక్కడితో ఆగలేదు. తాను చదువుకోవాలి, లాయరు కావాలి, ఇటువంటి వారికి చదువు చెప్పాలి అని నిశ్చయించుకున్నారు. జాలిపడిన మనసు పాఠ్యపుస్తకం పట్టుకోవడం అక్కడ మొదలైంది.

జైలు నుంచి వచ్చాక బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి పాసయ్యారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె వెనుదిరగలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు రావలసిందని పత్రికలలో ప్రకటన వేయించి, వచ్చిన వారితో కలిసి హాస్టలు నడిపి, సీటు సంపాదించారు. ఆ తరువాత మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకున్నారు.

ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఏర్పడింది. మొదట ఇంట్లో చిన్నపిల్లలకు ఆటపాటలు, హిందీ. ఆ తరువాత పెద్ద ఆడవారికి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తర్ఫీదు. వితంతువులు, భర్త వదిలివేసిన వారు, చదువు మధ్యలో ఆగినవారు అక్కడ చేరారు. ఏళ్ళ తరబడి బడిలో చదివే పాఠాన్ని రెండేళ్ళలో కుదించి చెప్పేవారు. పాసైన వారిలో కొందరు టీచర్లయ్యారు, కొందరు నర్సులు, మంత్రసానులయ్యారు. సభ తానే నర్సింగ్ హోము నడిపి అందులో శిక్షణ ఇప్పించింది. పోలియో వచ్చిన పిల్లల కోసం ఎముకల వైద్య కేంద్రాన్ని కూడా సభ మద్రాసులో నెలకొల్పింది.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలోని మహిళలు పదిహేనుమంది. సభాధ్యక్షుల పట్టికలో ఉన్న మహిళ ఆమె ఒక్కరే. 1952 ఎన్నికలలో ఓడిపోయారు. ఆ ఏడాదే ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. ఆ ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు ఆమే.

ఆ బోర్డు తరఫున 1958లో మొదలైనదే స్త్రీల సంక్షిప్త విద్యా పథకం. మద్రాసులో ఒక ఇంటి వరండాలో ఫలించిన పద్ధతి దేశమంతటికీ ఉత్తర్వుగా వెళ్ళింది. గ్రామసేవిక, బాలసేవిక, నర్సు, మంత్రసాని, ప్రాథమిక పాఠశాల టీచరు, ఈ ఉద్యోగాలకు చదువు అర్హత చాలని ఆడవారిని రెండేళ్ళలో సిద్ధం చేయడమే దాని ఉద్దేశం. పల్లెలలో సేవ చేయడానికి మంచి మనసు గలవారు దొరుకుతారు కాని పని తెలిసినవారు దొరకరని ఆమె గ్రహించారు. పని నేర్పాలంటే ముందు అక్షరం ఉండాలి, నేర్చిన పనికి సర్టిఫికెట్టు ఉండాలి, సర్టిఫికెట్టుకు జీతం ఉండాలి. ఈ మూడు మెట్లూ ఆమె కట్టించారు.

ఢిల్లీలో బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్‌కు కూడా ఆమె అధ్యక్షురాలుగా పనిచేశారు. చూపులేని పిల్లల కోసం వసతితో కూడిన పాఠశాల, పెద్దవారి కోసం యంత్రపు పనులు నేర్పే వర్క్‌షాపు ఏర్పాటు చేయించారు. చూపులేని వారిని కూర్చోబెట్టి అన్నం పెట్టడంతో సరిపెట్టుకోక, వారి చేతికి పనిముట్టు ఇచ్చారు. ఆ పనిముట్టు పట్టించాలంటే నేర్పేవారు కావాలి, వారికి ఆ నేర్పే విద్య తెలిసి ఉండాలి.

1975లో దేశ్‌ముఖ్ దంపతులు ఇద్దరికీ పద్మవిభూషణ్ లభించింది. చివరి సంవత్సరాలలో వారు హైదరాబాదులో ఉన్నారు. నేను ఆమెను చూసింది ఒక్కసారే, విద్యానగర్‌లో, దూరం నుంచి. తెల్ల చీర, చిన్న విగ్రహం. వెంట వస్తున్న వారికంటె ముందే గబగబా నడిచి లోపలికి వెళ్ళిపోయారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. అప్పటికి మా చిన్నవాడు ఏడాది పిల్లవాడు. మెడ నిలపడం లేదని మాకు బెంగ మొదలైన రోజులు అవి.

బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం ఆమె ప్రత్యేకంగా బడి పెట్టారని నేను చెప్పడం లేదు. ఆ పని మన నగరంలో వేరే వారు చేశారు. మా దిల్‌సుఖ్‌నగర్ వైపే ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 1984లో బోయినపల్లిలో జాతీయ సంస్థను స్థాపించింది. ఆ ప్రాంతానికి మనోవికాస్ నగర్ అనే పేరు దాని వల్లే వచ్చింది. తరువాత దాని పేరులో బుద్ధిమాంద్యం అనే మాట తీసివేసి, సాధికారత అనే మాట చేర్చారు. అయితే నేను చెప్పదలచినది, సేవ అనేది నేర్చుకోవలసిన విద్య అని మన తెలుగువారికి చేసి చూపిన వారు దుర్గాబాయి గారు అని.

ఆ తేడా ఎటువంటిదో మా ఇంట్లో జరిగిన దానితో చెబుతాను. చిన్నవాడికి ఆరేళ్ళప్పుడు, ఇద్దరమూ ఇంట్లో లేని వేళల్లో చూసుకునేందుకు ఒక చోట చేర్చాము. అక్కడి ఆయమ్మ చాలా మంచిది. పిల్లలను కడుపున పుట్టినట్లే చూసేది. ఒకరోజు వాడికి ఫిట్స్ వచ్చాయి. ఆమె తనకు తెలిసినదే చేసింది. చేతిలో తాళాల గుత్తి పెట్టింది, పళ్ళ మధ్య స్టీలు గరిటె దూర్చింది. ముందరి పళ్ళు రెండు విరిగాయి. నేను వెళ్ళేసరికి నోరంతా రక్తం. మా కంటె ఆమే ఎక్కువ ఏడ్చింది. ఆమెను ఏమనగలం? ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టరాదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసివేసి, గడియారం చూడాలని, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత వాడిని బోయినపల్లికి తీసుకువెళ్ళాము. అక్కడ ఒక టీచరమ్మ వాడి చొక్కా గుండీల సంగతి చూసింది. అప్పటి వరకు మా ఆవిడే పెట్టేది. టీచరమ్మ గుండీని కంతలో మూడువంతులు తానే దూర్చి, చివరి లాగుడు మాత్రం వాడి చేత చేయించింది. అది వచ్చాక ఒక మెట్టు వెనుకకు. అది వచ్చాక మరొక మెట్టు. ప్రతిసారీ పని పూర్తిచేసేది వాడే గనుక, ప్రతిసారీ గెలుపు వాడిదే. నాలుగు నెలలు పట్టింది. ఈనాటికీ వాడి గుండీలు వాడే పెట్టుకుంటాడు. ఆరేళ్ళ మా ప్రేమ చేయలేని పని అది. చెవి, చూపు లేని హెలెన్ కెల్లర్ పేరు లోకమంతా ఎరుగును. 1887లో ఆమెకు చదువు చెప్పడానికి వచ్చిన యానీ సలివాన్ కూడా అంధుల పాఠశాలలో చదివి, ఆ పద్ధతులు ఆకళించుకొని వచ్చిన మనిషేనని మనం అంతగా తలచుకోము.

ఇన్ని తెలిసి కూడా మనవరాలిని ఆయా పని అని నేను తీసిపారేశాను. మర్నాడు పొద్దున ఆ పిల్ల నాతో తగువు పెట్టుకోలేదు. ఆనాడు ఆ ఆయమ్మకు నేర్పినవారు ఉంటే బాబాయికి ఆ రెండు పళ్ళు ఉండేవి కదా తాతయ్యా అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పక్క సీటు గుమాస్తా గారి అక్కయ్య నర్సు శిక్షణకు వెళ్ళిన నాడు ఆమె బంధువులు అన్న మాట, యాభై ఏళ్ళ తరువాత నేను అన్నాను. ఈనాడు నర్సు చదువు కోసం సీట్లకు పోటీపడి, పిల్లలను విదేశాలకు పంపుతున్నాము. గౌరవం పనిలో ముందే ఉండదు, శిక్షణ, సర్టిఫికెట్టు, జీతం వచ్చాక లోకం ఇస్తుంది.

ఆ డిప్లొమాకు ఫీజు నేనే కట్టాను. ఇంటర్ తరువాత రెండేళ్ళ కోర్సు. 1992లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఢిల్లీలోని పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి, దాని రిజిస్టరులో పేరు నమోదైన వారే ఈ పని వృత్తిగా చేయాలి. డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ ఎలాగో వీరికి అది అలాగ. బాటసింగారం నుంచి ఆ పిల్ల పొద్దున ఆరున్నరకే బయలుదేరేది. బస్సులో ఎల్.బి.నగర్, అక్కడి నుంచి మెట్రోలో మహాత్మాగాంధీ బస్ స్టేషను, అక్కడ రైలు మారి జూబ్లీ బస్ స్టేషను, మళ్ళీ బస్సులో బోయినపల్లి. నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఛార్జీ లేకుండా పోవడం కొంత కలిసి వచ్చింది.

వేరే కష్టాలు లేవని కాదు. ఈ వృత్తిలో జీతాలు చేసే పనికి తగినట్లు లేవు. కాంట్రాక్టు కొలువులే ఎక్కువ. 2016 చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి చట్టంలో అవి ఏడే. పిల్లల పట్టిక అంత పెరిగినప్పుడు నేర్పేవారి పట్టిక కూడా పెరగాలి. బడులలో ప్రత్యేక ఉపాధ్యాయులను నియమించాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. దుర్గాబాయి గారు కట్టిన మూడు మెట్లలో మూడవది, అంటే తగిన జీతం, ఇక్కడ ఇంకా పూర్తిగా పడలేదు.

ఇక ఆ పిల్ల నేర్చిన విద్య ఏమి చేసిందో చెప్పి ముగిస్తాను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో మా బాటసింగారానికి తరలి వచ్చింది. మాకు తెలిసిన ఒక కమీషన్ వ్యాపారి అక్కడ ఉన్నారు. బత్తాయిలను సైజుల వారీగా వేరు చేసే పని చిన్నవాడికి ఇచ్చి చూడమని మనవరాలు ఆయనను అడిగింది. వాడికి లెక్క రాదు, పెద్దది చిన్నది అనే తేడా నిలకడగా తెలియదు. ఆ పిల్ల ఒక ప్లైవుడ్ పలకకు రెండు కంతలు కోయించింది. చిన్న కంతలోంచి జారిన కాయ ఎర్ర గుడ్డ కట్టిన ట్రేలోకి. అందులో పట్టక పెద్ద కంతలోంచి జారినది పసుపు గుడ్డ ట్రేలోకి. రెండింటిలోనూ పట్టనిది ఆకుపచ్చ ట్రేలోకి. లెక్కతో పని లేదు, మాటతో పని లేదు. మొదట ఆమె చేయి పట్టి చేయించింది, తరువాత వేలితో చూపింది, తరువాత పక్కన ఊరికే కూర్చుంది, ఆ తరువాత లేచి వచ్చేసింది. గుండీల పద్ధతి వంటిదే మళ్ళీ.

ఇప్పుడు వాడు రోజూ పొద్దున రెండు గంటలు ఆ పని చేస్తాడు. శనివారం నాడు వ్యాపారి గారు కూలి వాడి చేతిలోనే పెడతారు. వాడు తెచ్చి మా ఆవిడ చేతిలో పోస్తాడు. మా ఆవిడ అందులోంచి ఒక నోటు దేవుడి దగ్గర పెడుతుంది. నలభై రెండేళ్ళు వచ్చాక మా వాడికి మొదటి జీతం వచ్చింది. నాకు మొదటి జీతం ఇరవై రెండేళ్ళకే వచ్చింది కాని, ఇంట్లో ఇంత సందడి లేదు.

ప్రతిపాదన: మనలో ఇటువంటి బిడ్డలున్నవారు తక్కువేమీ లేరు. మన తరువాత ఎవరు అనే ప్రశ్న రాత్రుళ్ళు ప్రతి ఒక్కరినీ తొలుస్తుంది. స్వయంగా సంపాదించుకోలేని వైకల్యం గల సంతానానికి తల్లిదండ్రుల తరువాత కుటుంబ పెన్షను జీవితాంతం ఇచ్చే వీలు మన పెన్షను నిబంధనలలో ఉన్నది. మెడికల్ సర్టిఫికెట్టుతో వారి పేరు ఇప్పుడే రికార్డులలో చేర్పించండి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు గారి కమిటీ ద్వారా సంరక్షకులను కూడా నియమించుకోవచ్చు. అయితే కాగితాలు డబ్బు ఇస్తాయి గాని గుండీలు పెట్టించలేవు. అందుకు పని తెలిసిన మనుషులు కావాలి. మీ ఇంట్లో మనవడో మనవరాలో ఈ చదువు చదువుతానంటే, నావలె నోరు జారకండి. ఫీజు కట్టండి.

ఇది వ్రాస్తుండగా తెల్లవారింది. చిన్నవాడు చొక్కా తొడుక్కొని, గుండీలన్నీ పెట్టుకొని, మార్కెట్టుకు బయలుదేరదామని నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. ఇక సెలవు.